కాన్వాస్ కోసం వెతికితే మైక్రోప్రాసెసర్ పుస్తకం వచ్చింది: ఇంటర్‌ఫేసింగ్, ఇంటర్‌లైనింగ్ ఏది ఎక్కడ, ఎలా?

మొన్న వేసవిలో మా అబ్బాయితో "ఒరే, ఆన్‌లైన్లో ఇంటర్‌ఫేసింగ్ ఐదు మీటర్లు ఆర్డర్ పెట్టరా, ఈ ఎండలో పూర్ణా మార్కెట్‌కి వెళ్ళే ఓపిక లేదు" అన్నాను. కాలర్లలో, బ్లౌజు మెడల్లో వేసే మన కాన్వాస్‌కి ఇంగ్లీషు పేరది. వాడు ఫోన్లో ఆ మాట కొట్టి పకపకా నవ్వాడు. ముందుగా వచ్చింది గుడ్డ కాదు, మైక్రోప్రాసెసర్ల మీద ఇటుకంత పుస్తకం. వాడి ఇంజనీరింగ్‌లో ఒక పేపర్ పేరే అది, మైక్రోప్రాసెసర్స్ అండ్ ఇంటర్‌ఫేసింగ్. "సరే, ఇంటర్‌లైనింగ్ అని కొట్టు" అన్నాను, గార్మెంట్ ఫ్యాక్టరీలో చేసొచ్చిన పక్కింటమ్మాయి ఎప్పుడూ ఆ మాటే అంటుంది కాబట్టి. ఈసారి గుడ్డే వచ్చింది, ఆర్డర్ కూడా పెట్టేశాం. నాలుగు రోజులకి పార్సిల్ విప్పితే కంబళిలా మెత్తగా, మందంగా ఉన్న ఫ్లానెల్. మే నెల విశాఖపట్నంలో ఐదు మీటర్ల ఫ్లానెల్!

తప్పు అమ్మినవాళ్ళది కాదు, మాటది. కొట్టుకెళ్తే మనకీ గొడవ లేదు, "కాన్వాస్ ఇవ్వండి", "పేస్టింగ్ ఇవ్వండి", "బక్రం ఇవ్వండి" అంటే చాలు, ఆయనే తీసిస్తాడు. వీడియోలు చూసి కుట్టు నేర్చుకునేవాళ్ళకి, ఫ్యాక్టరీలో ఉద్యోగానికెళ్ళే పిల్లలకి, ఆన్‌లైన్లో కొనేవాళ్ళకి మాత్రం ఈ రెండు ఇంగ్లీషు మాటలు భలే తిప్పలు పెడతాయి. అందుకే నాకు తెలిసినంతా ఒకచోట రాస్తున్నాను. ఎక్కువ కుట్టు గురించే ఉంటుంది, నా పని అది కాబట్టి.

ముందు పేర్ల సంగతి

ఇంట్లో కుట్టుకునేవాళ్ళ కోసం రాసిన ఇంగ్లీషు పుస్తకాల్లో ఇంటర్‌ఫేసింగ్ అంటే గుడ్డకి బిగువు ఇచ్చే పొర. కాలర్, కఫ్, గుండీల పట్టీ, బ్లౌజు మెడ, నడుము పట్టీ, ఇలా నిలబడాల్సిన చోట్ల లోపల వేసేది. మన కాన్వాస్, పేస్టింగ్, బక్రం అన్నీ ఇందులోకే వస్తాయి. అవే పుస్తకాల్లో ఇంటర్‌లైనింగ్ అంటే వెచ్చదనం కోసం పై గుడ్డకీ అస్తరుకీ, అంటే లోపలి లైనింగ్‌కీ, మధ్య వేసే పొర, నాకొచ్చిన ఫ్లానెల్ లాంటిది. కానీ గార్మెంట్ ఫ్యాక్టరీలో కాలర్ లోపల అతికించే కాన్వాస్‌నే ఇంటర్‌లైనింగ్ అంటారు. పక్కింటమ్మాయి చెప్పిందీ నిజమే, పుస్తకం చెప్పిందీ నిజమే, మధ్యలో నా డబ్బులు పోయాయి.

ఇంకో తమాషా ఏమిటంటే, మనం "లైనింగ్ బ్లౌజు" అనేదాన్ని చాలాసార్లు ఆ పుస్తకాల లెక్కలో లైనింగే అనకూడదు. పట్టు ముక్క కింద అదే కొలతకి కాటన్ ముక్క వేసి, రెంటినీ కచ్చా కుట్టుతో కలిపి, ఆ తర్వాత ఒకే గుడ్డ అన్నట్టు కుడతాం కదా, దాన్ని వాళ్ళు అండర్‌లైనింగ్ అంటారు. విడిగా కుట్టి లోపల జార్చి, కుట్లు కనపడకుండా మూసేసేది అసలు లైనింగ్, కోటుకి వేసినట్టు. ఇది తెలియక ఇంగ్లీషు వీడియో చూసి బ్లౌజుకి లైనింగ్ విడిగా కుట్టి, చంక దగ్గర గుడ్డలు రెండూ రెండు వైపులకి లాగేసుకుంటే మళ్ళీ విప్పుకున్నవాళ్ళు నాకు తెలుసు.

కాబట్టి ఎవరు ఏ పేరు చెప్పినా "ఆ పొర దేనికి, బిగువుకా, వెచ్చదనానికా, పై గుడ్డకి ఊతానికా?" అని ఒక్క మాట అడగండి. జవాబు వచ్చాకే డబ్బులు తీయండి.

కొనేటప్పుడు

కాన్వాస్‌లో మూడు రకాల తయారీ ఉంటుంది. నేసినది, నేయకుండా కాగితంలా నొక్కి చేసినది, అల్లినది. నేసినదానికి మామూలు గుడ్డలాగే నిలువు పోగు, అడ్డం పోగు ఉంటాయి, కాబట్టి పై గుడ్డ పోగు ఎటుంటే దీన్నీ అటే పెట్టి కత్తిరించాలి. కాగితం రకానికి పోగుండదు, ఎటైనా కత్తిరించుకోవచ్చు, చవక కూడా, కాకపోతే నలిగిన చోట మడత పడిపోతుంది. అల్లినది సాగుతుంది, బనియను గుడ్డకీ టీషర్టుకీ అదే వేయాలి, లేకపోతే గుడ్డ సాగుతుంది, లోపలిది సాగదు, మెడ తలలోంచి దూరదు.

ఈ మూడింటిలోనూ అతికించేవి, కుట్టేవి అని మళ్ళీ రెండు. అతికించేదానికి ఒకవైపు జిగురు చుక్కలుంటాయి, వేలితో రుద్దితే ఇసుకలా గరగరలాడుతుంది, వెలుతురులో పెడితే మెరుస్తుంది. తొందరపనికి ఇదే హాయి. కానీ వెల్వెట్, చమ్కీలు అద్దిన గుడ్డ, సన్నటి నెట్ లాంటివాటికి అతికించేది వద్దు. వేడికి వెల్వెట్ నూగు అణిగిపోతుంది, నెట్‌లోంచి జిగురు బయటికొస్తుంది. పొందూరు ఖద్దరు లాంటి చేతివడుకు నూలుకి కూడా నేను కుట్టే రకమే వేస్తాను, లేదా అదే ఖద్దరు ఇంకో పొర వేస్తాను. ఆ గుడ్డ అందమంతా దాని మెత్తదనంలో, గాలి ఆడడంలో ఉంది. జిగురు పూస్తే రెండూ పోతాయి.

మందం సంగతికొస్తే కొత్తవాళ్ళందరూ చేసే తప్పు మందంగా ఉన్నది కొనడం. కాన్వాస్ ఎప్పుడూ పై గుడ్డ కంటే ఒక పిసరు పల్చగా ఉండాలి, ఎందుకంటే అతికాక జిగురు వల్ల ఇంకాస్త బిగుసుకుంటుంది. కొట్లో రెండూ కలిపి పట్టుకుని చేతి మీద వేలాడదీసి చూడండి, అట్టలా నిలబడితే వద్దు. బక్రం మాత్రం నిజంగా అట్టలా నిలబడాల్సినవాటికే, కర్టెన్ల పై పట్టీ, బ్యాగులు, టోపీ అంచు, అలాంటివాటికి.

అతికించడం, అసలు పని

నాకు పని నేర్పిన మాస్టారు మొదటి రోజు నేను ఇస్త్రీ పెట్టె పట్టుకోవడం చూసి అరిచారు. "పాముతావేటమ్మా, అదేటి మీ ఆయన చొక్కానా? ఒత్తు, ఎత్తు, పక్కకెట్టు, మళ్ళీ ఒత్తు." ఈ ఒక్క ముక్కలో సగం విద్య ఉంది. చొక్కా ఇస్త్రీలో పెట్టెని జరుపుతాం. కాన్వాస్ మీద జరిపితే కరిగిన జిగురు మీద ముక్క జారి, గుడ్డ వంకర తిరుగుతుంది.

మొదటి పని, పై గుడ్డని ఉతికి ఆరేయడం. నూలు కాన్వాస్‌ని కూడా గోరువెచ్చటి నీళ్ళలో కాసేపు నానబెట్టి, పిండకుండా తీగ మీద వేయండి, పిండితే జిగురు చుక్కలు రాలతాయి. ఈ రెండూ చేయకపోతే మొదటి ఉతుకులో ఒకటి కుంచించుకుని, ఇంకొకటి కుంచించుకోక కాలర్ మీద బుడిపెలు లేస్తాయి. కాగితం రకానికి ఈ నానబెట్టుడు అక్కర్లేదు.

తర్వాత ముక్క మీద పరీక్ష. జానెడు గుడ్డ ముక్క మీద కాన్వాస్ ముక్క అతికించి, చల్లారాక ఒక మూల లాగి చూడండి. ఊడితే వేడి చాలలేదు లేదా టైం చాలలేదు. జిగురు పైకి మరకలా కనిపిస్తే వేడి ఎక్కువైంది. నేనిది ఒకసారి మానేశాను. పెళ్ళికూతురి బ్లౌజు, లేత బంగారు రంగు పట్టు, టైం లేదని నేరుగా వేశాను, మెడ చుట్టూ ఆవగింజలంత చుక్కలు తేలాయి. అదృష్టం బాగుండి మగ్గం వర్కు వేసే ఆవిడ ఆ చుక్కల మీదే పూసలు కుట్టి గట్టెక్కించింది.

మూడోది మన ఊరికి ప్రత్యేకం. సముద్రపు గాలికి గుడ్డలో ఎప్పుడూ తేమ ఉంటుంది, బీచ్ రోడ్డు వైపు ఇళ్ళల్లో మరీను. కాన్వాస్ వేయబోయే ముందు ఒట్టి గుడ్డని ఒకసారి పొడి ఇస్త్రీ చేయండి. ఆ తేమ లోపలే ఉండిపోతే వేడికి ఆవిరై, జిగురు పట్టకుండా కింద బుడగ కడుతుంది.

ఇప్పుడు గుడ్డని తిరగేసి పరవండి. గరుకు వైపు గుడ్డకి ఆనేలా కాన్వాస్ పెట్టండి, తిరగబడితే జిగురంతా ఇస్త్రీ పెట్టెకి అంటుకుంటుంది, దాన్ని గీకడం ఒక సాయంత్రం పని. పైన పల్చటి నూలు గుడ్డ కాస్త తడిపి, బాగా పిండి వేయండి. అది వేడిని సమంగా లోపలికి పంపుతుంది. పట్టు మీద మాత్రం ఈ తడి గుడ్డ వద్దు, నీటి మరక పడుతుంది, పొడి గుడ్డే వేయండి. పెట్టె మీద ఉన్ని గుర్తు దగ్గర వేడి పెట్టి, ఒక్కో చోట 10 నుంచి 15 సెకన్లు బరువు వేసి ఒత్తండి, ఎత్తండి, సగం పాత చోటు కలిసేలా పక్కన మళ్ళీ ఒత్తండి. నేను మనసులో పదిహేను దాకా లెక్కపెడతాను. మధ్యలో ఎవరైనా పిలిచినా పలకను.

అయ్యాక ముట్టుకోవద్దు. జిగురు వేడిలో కరుగుతుంది, పట్టుకునేది చల్లారుతున్నప్పుడు. వేడి మీదే ఎత్తి మడిస్తే అక్కడే విడిపోతుంది.

బ్లౌజు మెడ

ఎక్కువమంది అడిగేది ఇదే కాబట్టి కాస్త వివరంగా. మెడ ఆకారం కాగితం మీద గీసి, దాని ప్రకారం కాన్వాస్‌ని ఒకటిన్నర, రెండంగుళాల వెడల్పు పట్టీగా కత్తిరించండి. మెడ వైపు కుట్టు కోసం అదనం వదలొద్దు, కాన్వాస్ అంచే మీ కుట్టు గీత. దాన్ని లైనింగ్ గుడ్డ మీద అతికించి, బయటి వైపు అరంగుళం వదిలి కత్తిరించి, ఆ అరంగుళాన్ని కాన్వాస్ మీదకి మడిచి ఒక కుట్టు వేయండి. మెడ వైపు గుడ్డ మాత్రం అలాగే ఉంచండి, ఇప్పుడే కోయొద్దు.

ఈ పట్టీని బ్లౌజు మంచి వైపు మీద, కాన్వాస్ పైకి కనపడేలా, మధ్య గీతలు కలిపి పరిచి గుండుసూదులు పెట్టండి. సూది కాన్వాస్ అంచుని రాసుకుంటూ వెళ్ళాలి, దాని మీదకి ఎక్కకూడదు. ఎక్కితే తిప్పినప్పుడు అంచు మొద్దుగా వస్తుంది. కుట్టాక లోపలి గుడ్డ పావంగుళం ఉంచి మిగతాది కోసేసి, వంపు ఉన్న చోటల్లా అడ్డంగా చిన్న కోతలు పెట్టండి, కుట్టుకి రెండు పోగుల దూరంలో ఆపండి. కుండ మెడకి మూలల్లో ఒక్కటే కోత, కానీ కుట్టు దాకా. ఇప్పుడు పట్టీని లోపలికి తిప్పి, గోటితో అంచు నొక్కి, ఇస్త్రీ ఒత్తి, పై నుంచి సన్న కుట్టు వేస్తే మెడ గీసినట్టు నిలుస్తుంది. లోపలి అంచుని చేత్తో హెమ్మింగ్ చేయండి. బోట్ నెక్‌కి భుజాల దాకా కాన్వాస్ రావాలి, లేకపోతే భుజం దగ్గర నోరు తెరుస్తుంది.

వెచ్చదనం కోసం వేసేది

మనకి దీంతో పని తక్కువ. లంబసింగి చలికి పిల్లలకో కోటు కుడదామనుకుంటే మాత్రం పై గుడ్డ ముక్కల కొలతకే ఫ్లానెల్ ముక్కలు కత్తిరించి, లోపలి వైపు పరిచి కచ్చా కుట్టు వేయండి. కుట్లు పడ్డాక కుట్టు మార్జిన్‌లోని ఫ్లానెల్‌ని కోసేయండి, లేకపోతే చంక దగ్గర బొంతలా తయారవుతుంది. ముఖ్యమైన సంగతి, కొలతలు తీసుకునేటప్పుడే చుట్టుకొలతలో ఒక అంగుళమైనా వదులు పెంచండి. ఆ మందం లోపలి జాగా తినేస్తుంది. కర్టెన్లకి కూడా వేస్తారు, వెలుతురు ఆపి, బరువుగా, అందంగా జారుతుంది. సముద్రానికి ఎదురుగా ఉన్న ఫ్లాటుకి మాత్రం నేను వేయను. ఆ తేమకి మధ్య పొర ఆరక ముక్కిపోయిన వాసన వేస్తుంది.

మళ్ళీ కాన్వాస్ అతికించే సంగతికొస్తే, ఫ్యాక్టరీలో అయితే ఇస్త్రీ పెట్టె ఉండదు, ఫ్యూజింగ్ మెషిన్ ఉంటుంది. ముక్కలు బెల్టు మీద వెళ్ళి వేడిలోంచి, రోలర్ల ఒత్తిడిలోంచి బయటికొస్తాయి. వేడి, టైం, ఒత్తిడి మూడూ కుదరాలి, మామూలుగా 130 నుంచి 160 డిగ్రీల మధ్య, 10 నుంచి 20 సెకన్లు. మెషిన్ మీటర్ చూపించే వేడి వేరు, జిగురు దగ్గర నిజంగా తగిలే వేడి వేరు, అందుకే రంగు మారే కాగితం పట్టీలు ముక్కల మధ్య పెట్టి కొలుస్తారు. ఉద్యోగానికెళ్ళే పిల్లలు ఈ ఒక్కటి గుర్తుపెట్టుకుంటే మొదటి వారం గడిచిపోతుంది.

మా అబ్బాయి బల్ల మీద

వాడి ఇంటర్‌ఫేసింగ్ సంగతి అడిగితే మొదట "నీకర్థం కాదులేమ్మా" అన్నాడు, తర్వాత చెప్పాక నాకు బాగానే అర్థమైంది. ప్రాసెసర్‌కి నేరుగా మోటారు, కీబోర్డు తగిలించలేం, మధ్యలో రెంటి భాషా తెలిసినది ఒకటి కావాలి. ఇంటెల్ 8086 చిప్ 1978లో వచ్చింది, దానికి బయటి సామాను తగిలించడానికి ల్యాబ్‌లో 8255 అనే చిప్ వాడతారు, ఎనిమిదేసి లైన్లున్న మూడు పోర్టులు, మొత్తం 24 లైన్లు. ఏ పోర్టు లోపలికి, ఏది బయటికి అన్నది ముందు ఒక కంట్రోల్ వర్డ్ రాసి చెప్పాలి. అది రాయకుండా ప్రోగ్రాం నడిపి "చిప్ పోయింది మాస్టారూ" అనేవాళ్ళు ప్రతి బ్యాచ్‌లో ఉంటారట.

ఇంట్లో చిన్న బోర్డులతో చేసేవాళ్ళకి వాడు చెప్పిన వరస ఇది. ముందు వోల్టేజీ చూడాలి. ఆర్డుయినో ఊనో 5 వోల్టులది, రాస్ప్‌బెర్రీ పై (Pi) అనే బోర్డు పిన్నులు 3.3 వోల్టులకి మించి తట్టుకోవు. దూరం కొలిచే అల్ట్రాసోనిక్ సెన్సార్ 5 వోల్టుల జవాబిస్తుంది, దాన్ని రాస్ప్‌బెర్రీ పై బోర్డుకి నేరుగా తగిలిస్తే పిన్ కాలిపోవచ్చు. మధ్యలో ఒక కిలో ఓమ్, రెండు కిలో ఓమ్‌ల రెసిస్టర్లు వరసగా పెట్టి, రెండూ కలిసే చోటు నుంచి వైరు తీస్తే, రెండు కిలో ఓమ్‌ది గ్రౌండ్‌కి వెళ్ళాలి సుమా, 5లో మూడింట రెండు వంతులు, అంటే సుమారు 3.3 వోల్టులే వెళ్తాయి. తర్వాత రెండు బోర్డుల గ్రౌండ్ వైర్లు కలపాలి, సగం ప్రాజెక్టులు పనిచేయకపోవడానికి కారణం ఇదేనట. ఆ తర్వాత భాష. సీరియల్ అయితే ఒకదాని పంపే పిన్ ఇంకోదాని అందుకునే పిన్‌కి వెళ్ళాలి, అడ్డంగా. ఐ2సీ అనే రెండు వైర్ల పద్ధతి అయితే ఆ రెండు వైర్లకీ పైకి లాగే రెసిస్టర్లు, మామూలుగా 4.7 కిలో ఓమ్‌లవి, ఉన్నాయో లేదో చూసుకోవాలి. ఇవన్నీ అయ్యాకే కోడ్ రాయాలి.

జావా అనే ప్రోగ్రామింగ్ భాషలో ఇంటర్‌ఫేస్ అంటే మళ్ళీ వేరే, కానీ అది నాకు చిటికెలో ఎక్కింది. అది కొలతల చీటీ. మెడ ఇంత, చేయి ఇంత, హుక్స్ ముందు అని ఉంటుంది, ఎలా కుట్టాలో ఉండదు. ఆ చీటీ ఒప్పుకున్న టైలర్ ఎవరైనా సరే, అందులో ఉన్నవన్నీ కుట్టి ఇవ్వాల్సిందే.

దస్తావేజులో, విమానం టికెట్‌లో

ఇంటర్‌లైన్ అనే మాట ఇంకో రెండు చోట్ల తగులుతుంది. రాసిన పంక్తుల మధ్య ఇరికించి రాయడాన్ని కూడా ఇంగ్లీషులో అలాగే అంటారు. స్థలం రిజిస్ట్రేషన్‌కి వెళ్ళేవాళ్ళు ఇది తెలుసుకోవాలి. 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం సెక్షన్ 20 ప్రకారం దస్తావేజులో పంక్తుల మధ్య రాతలు, ఖాళీలు, కొట్టివేతలు, దిద్దుబాట్లు ఉండి, వాటి దగ్గర రాసిచ్చినవాళ్ళ సంతకం గానీ పొడి అక్షరాలు గానీ లేకపోతే, రిజిస్టర్ చేసే అధికారి తీసుకోకుండా తిప్పి పంపొచ్చు. కాబట్టి ముందు రోజు రాత్రే ప్రతి పేజీ చదవండి. సర్వే నంబరులో ఒక్క అంకె పైన రాసి ఉన్నా, దాని పక్కన సంతకం పెట్టించండి.

విమానాల్లో ఇంటర్‌లైన్ అంటే ఒక కంపెనీ టికెట్ మీద ఇంకో కంపెనీ విమానం కూడా ఎక్కించి, పెట్టెలు చివరిదాకా పంపే ఒప్పందం. ఇక్కడి నుంచి హైదరాబాదో ఢిల్లీయో వెళ్ళి అక్కడ విదేశీ విమానం ఎక్కేవాళ్ళు రెండూ ఒకే బుకింగ్‌లో ఉన్నాయో లేదో చూడండి, కౌంటర్‌లో పెట్టెకి కట్టే ట్యాగ్ మీద చివరి ఊరి కోడ్ ఉందో లేదో కళ్ళతో చూడండి. విడివిడిగా కొన్న టికెట్లయితే మొదటిది లేటై రెండోది తప్పిపోతే మీ బాధ మీదే. తిరిగొచ్చేటప్పుడు మామూలుగా దేశంలో దిగిన మొదటి ఊళ్ళోనే పెట్టెలు తీసుకుని, కస్టమ్స్ దాటించి, మళ్ళీ ఇవ్వాలి.

చివరికి రెండూ ఒకేచోట

ఈ మధ్య మా అబ్బాయి కాలేజీ ఫెస్ట్‌కి లైట్లు వెలిగే జాకెట్ చేస్తానన్నాడు. గుడ్డ మీద కుట్టుకునే బోర్డులున్నాయి, లియా బ్యూక్లీ అనే ఆవిడ రూపొందించిన లిలీప్యాడ్ ఆర్డుయినో 2007లోనే అమ్మకానికి వచ్చింది, దానికి వైర్లకి బదులు కరెంటు పారే స్టీలు దారం. మావాడు కుట్టాడు. గుడ్డ ముడతలు పడింది, పక్కపక్క దారాలు తగులుకున్నాయి, ఒక్క లైటూ వెలగలేదు. అప్పుడొచ్చాడు, "అమ్మా, నీ దగ్గర కాన్వాస్ ఉందా?" అని.

మొత్తం విప్పించాను. బోర్డు, బ్యాటరీ తీసి పక్కన పెట్టి, జాకెట్ వెనక మధ్యస్తంగా ఉన్న కాగితం కాన్వాస్ ఒత్తి అతికించాను, చల్లారనిచ్చాను. ఇప్పుడు కుట్టమంటే దారం తిన్నగా నిలిచింది. రెండు దారాలు ఒకదాని మీద ఒకటి వెళ్ళక తప్పని చోట మధ్యలో ఇంకో చిన్న కాన్వాస్ ముక్క ఇరికించాం. స్టీలు దారం ముడి నిలవదు, అందుకని ముడి మీద గోళ్ళరంగు చుక్క వేశాం. లోపల ఆ దారం వీపుకి గుచ్చుకోకుండా, చెమట తగిలి షార్ట్ కాకుండా, జాకెట్‌కీ అస్తరుకీ మధ్య ఏదైనా మందంగా వేయాలనిపించి, అటక మీద నుంచి పాత పార్సిల్ దించాను.

ఫ్లానెల్ ఇంకా నాలుగు మీటర్లు ఉంది. ఎవరికైనా కావాలంటే చెప్పండి.